పొగ ఎప్పుడొచ్చింది?

రంగు చూసి ఇంజన్ విప్పేసే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది

తిరుమల నుంచి దిగుతున్నాం. వెనక సీట్లో అమ్మ, ఆమె ఒళ్లో లడ్డూల సంచి, పక్కన నున్నటి గుండుతో నిద్రపోతున్న మావాడు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి. దాదాపు 19 కిలోమీటర్లు. రెండో గేరులో పెట్టి, యాక్సిలరేటర్ జోలికి పోకుండా, మలుపు మలుపుకీ హారన్ కొట్టుకుంటూ దిగాను. అలిపిరి దాటి రోడ్డు చదునయ్యాక కాస్త గట్టిగా తొక్కాను. అద్దంలో చూస్తే వెనకున్న బండి కనిపించలేదు. మా కారు వదిలిన నీలం పొగలో అది మునిగిపోయింది. కాసేపటికి ఆ డ్రైవరు పక్కకొచ్చి, అద్దం దించి, "సార్, మీ ఇంజన్ అయిపోయింది, చూస్కోండి" అనేసి వెళ్లిపోయాడు.

ఏడుకొండలవాణ్ని మనసులో తలుచుకుని మళ్లీ తొక్కాను. అర కిలోమీటరు పోయేసరికి పొగ లేదు. నెల్లూరు దాటాం, ఒంగోలు దాటాం, విజయవాడలో ఇల్లు చేరాం. దారి పొడవునా చుక్క పొగ లేదు. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే మాత్రం 'బుస్సు'మని ఒక్క నీలం మబ్బు వచ్చి, ఆగిపోయింది.

ఊళ్లో కాస్త పేరున్న షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు ఇంజన్ రేజ్ చేసి, సైలెన్సర్ వైపు ఓ చూపు చూశాడు. "బ్లూ స్మోక్ సార్. రింగులు పోయాయి. ఇంజన్ దించాలి, బోరింగ్ చేయించాలి. 70 వేలు అనుకోండి." అప్పటికి ఆ తొమ్మిదేళ్ల పెట్రోలు కారు అమ్మితే వచ్చేదే లక్షన్నర. కడుపునొప్పని వెళ్తే నాడి కూడా చూడకుండా పొట్ట కోస్తానన్నట్టుంది. ఆలోచించుకుని వస్తానని తాళం తీసుకున్నాను.

తెలిసినవాళ్ల మాట మీద ఆటోనగర్‌లో ఓ పాత మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"పొగ ఎప్పుడొచ్చిందండీ?"

"నీలం పొగండీ, మేస్త్రిగారూ."

"రంగు సంగతి తర్వాత చూద్దాం. ఎప్పుడొచ్చింది? పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడా, తొక్కినప్పుడా, వదిలి తొక్కినప్పుడా?"

'వదిలి తొక్కినప్పుడు' అనే మాట నేను అంతకు ముందు వినలేదు. అలిపిరి కథంతా చెప్పాను. ఆయన మధ్యలోనే నవ్వాడు. "కొండ దిగారు కదా. మీ ఇంజన్‌కి ఏమీ కాలేదండీ. సీళ్లు ఎండిపోయాయి."

దిగుడులో యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి దాదాపు మూసుకుపోతుంది. కానీ చక్రాల ఊపుకి ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, పిస్టన్లు గాలి కోసం లాగుతూనే ఉంటాయి. గాలి దొరక్కపోయేసరికి ఆ లాగుడంతా ఎక్కడ సందుంటే అక్కడ పడుతుంది. వాల్వు కాడకీ, అది పైకీ కిందికీ ఆడే గొట్టానికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. పైన ఇంజన్ ఆయిల్ ఎప్పుడూ జలజలలాడుతూ ఉంటుంది. ఆ ఆయిల్ సందులోంచి జారకుండా ఒక్కో వాల్వుకీ ఒక్కో రబ్బరు టోపీ తొడుగుతారు. అదే వాల్వు సీల్. కుంకుడు గింజంత ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి మగ్గి ఆ రబ్బరు గట్టిపడితే కాడని ఇక పట్టుకోలేదు. కొండ దిగినంతసేపూ చుక్కా చుక్కా లాగేసిన ఆయిల్ అలిపిరిలో నేను తొక్కగానే ఒక్కసారిగా మంటలో పడింది. రాత్రంతా నిలబెట్టిన కారులో ఇదే ఆయిల్ కాడ వెంట మెల్లగా జారి తెల్లవారేదాకా కాచుకుని ఉంటుంది. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి కదిలితే వచ్చే పొగా ఈ కోవదే.

పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోతే పొగ వేరే వేళలో వస్తుంది. తొక్కినంతసేపూ పొగ కొడుతుంది, ఎత్తు ఎక్కుతుంటే ఇంకా ఎక్కువవుతుంది. పైన పేలిన ఒత్తిడి రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్ గదిలో నిండుతుంది. మేస్త్రులు దీన్ని 'బ్యాక్ కంప్రెషన్' అంటారు. ఆయన ఆయిల్ పోసే మూత తీసి ఇంజన్ నడిపించాడు. మూతి మీద అరచెయ్యి అడ్డం పెట్టి, నన్నూ పెట్టమన్నాడు. "ఊదుతోందా? లేదు కదా. రింగులు పోయి ఉంటే ఇక్కణ్నుంచి పొగబండిలా కొట్టేదండీ."

తర్వాత ప్లగ్గులు నాలుగూ విప్పి వరసగా గుడ్డ మీద పెట్టాడు. ఒక్కోదాన్నీ వెలుతురుకి తిప్పి చూశాడు. మంచి ప్లగ్గు ముఖం లేత గోధుమ రంగులో ఉంటుంది. ఆయిల్ తాగిన ప్లగ్గు తడిగా, నల్లగా, జిడ్డోడుతూ ఉంటుంది. పెట్రోలు ఎక్కువైందంటే పొడి మసి. కూలెంట్ కారుతున్న సిలిండరులో ప్లగ్గు ఆవిరి పట్టించినట్టు మిగతావాటికంటే తెల్లగా తళతళలాడుతుంది. నావాటిలో రెంటికి కాస్త జిడ్డుంది. ఆపైన కంప్రెషన్ గేజి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. నాలుగు సిలిండర్లూ 170 పీఎస్‌ఐకి అటూ ఇటూగా చూపించాయి. ఏదైనా ఒకటి బాగా తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారట. అంకె పెరిగితే రింగుల సందుని ఆయిల్ పూడ్చిందన్నమాట, కాబట్టి తప్పు రింగులది. పెరగకపోతే వాల్వుల్లోనో గాస్కెట్‌లోనో వెతుక్కోవాలి. చెంచాడు ఆయిల్‌తో తేలిపోయే ఈ విషయానికి నన్ను 70 వేలు అడిగారు.

కొత్త సీళ్ల పొట్లం అరచేతిలో పట్టింది. మజూరీతో కలిపి బిల్లు ఆరు వేలు దాటలేదు. ఆ రోజు నుంచి నాదొక మొండిపట్టు. కంప్రెషన్ గేజి వెయ్యకుండా ఇంజన్ దించాలనే చోట నేను నిలబడను.

మా నాన్నకి ఈ గొడవంతా విచిత్రంగా తోచింది. ఆయనది చేతక్ స్కూటరు కాలం. బంకులో పెట్రోలుతో పాటు 2టీ ఆయిల్ కొలిచి పోయించుకుని బండిని ఊపి కలుపుకున్న తరం. టూ స్ట్రోక్ బండికి ఆయిల్‌ని మండించడమే పద్ధతి. యెజ్డీ అయినా, 1985 నుంచి 1996 దాకా తయారైన ఆర్‌ఎక్స్ 100 అయినా నీలం పొగ వదలకపోతేనే కంగారు పడాలి. ఆ కళ్లతో కారుని చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. "కాస్త పొగేగా" అనుకుంటూ ఉంటారు. ఆయిల్ అడుక్కి వచ్చేదాకా గేజి తియ్యరు.

చుట్ట చివర నీలం

తాతయ్య చుట్ట కాల్చేటప్పుడు గమనించారా? నిప్పు కొస నుంచి లేచే పొగ లేత నీలంగా ఉంటుంది. ఆయన పీల్చి నోట్లోంచి వదిలిన పొగ మాత్రం తెల్లగా ఉంటుంది. పొగాకు ఒకటే, చుట్ట ఒకటే. (శ్రీకాకుళం వైపు అడ్డపొగ కాల్చే పెద్దమ్మల లెక్క వేరు. అక్కడ నిప్పే నోట్లో ఉంటుంది.) కొసనుంచి లేచే పొగలో రేణువులు మరీ సన్నం. అవి వెలుతురులోని నీలాన్ని చెదరగొట్టినంతగా ఎరుపుని చెదరగొట్టలేవు. ఆకాశం నీలంగా కనిపించడంలోనూ ఉన్నది ఈ సూత్రమే. నోట్లోకి వెళ్లాక అవే రేణువులకి తేమ పట్టి లావవుతాయి, అన్ని రంగుల్నీ ఒకేలా విసిరేస్తాయి. అలా తెల్లబడుతుంది.

కారు పొగా అంతే. కాలీ కాలని ఆయిల్ తుంపర సన్నం, కనుక నీలం. నీటి ఆవిరి బొట్లు పెద్దవి, కనుక తెలుపు. మసికి చెదరగొట్టే పని లేదు, వెలుతురుని మింగి కూర్చుంటుంది, కనుక నలుపు.

ఇది తెలిస్తే పొగని ఎక్కడ నిలబడి చూడాలో కూడా తెలుస్తుంది. ఎండ పక్కనుంచి పడుతుంటే, చెట్టు నీడో నల్లటి గోడో వెనక ఉంటే నీలం నీలంగా కనబడుతుంది. అదే పొగని సూర్యుడికి ఎదురుగా చూస్తే పసుపో గోధుమో అనిపిస్తుంది. చలి పొద్దున తేమతో కలిస్తే బూడిద రంగులోకి దిగుతుంది. రాత్రి వెనక బండి హెడ్‌లైట్ వెలుగులో పొగలన్నీ తెల్లవే. ఫోనులో పొగ వీడియో తీసి వాట్సాప్‌లో పంపించి "ఇదేం పొగ, బాబాయ్?" అని అడిగేవాళ్లకి నేను జవాబివ్వను. ఎప్పుడొచ్చిందని తిరిగి అడుగుతాను. మేస్త్రి నేర్పిన విద్య అది.

రంగుని నమ్మలేనప్పుడు గుడ్డ పనికొస్తుంది. సైలెన్సర్‌కి జానెడు దూరంలో తెల్లగుడ్డ నిమిషం సేపు పట్టుకుంటే నీటి ఆవిరి ఊరికే తడిపి ఆరిపోతుంది, ఆయిల్ జిడ్డు మరక వదులుతుంది, మసి మసే. ఇదంతా ఆరుబయటే చెయ్యాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో షట్టర్ దించిన షెడ్డులోనో ఇంజన్ నడిపి చూడొద్దు. సైలెన్సర్‌లోంచి వచ్చేవాటిలో నిలబడ్డ మనిషిని చంపేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ లేదు, వాసనా లేదు.

పాకం వాసన

జనవరి తెల్లవారుజామున లంబసింగిలో మంచు చూడ్డానికి వచ్చిన కార్లు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటీ స్టార్ట్ అవుతుంటే ఒక్కో తెల్లటి తోక. వాటిలో ఏదో ఒక కారు యజమాని బానెట్ ఎత్తి దిగులుగా చూస్తూ కనిపిస్తాడు. దిగులక్కర్లేదు. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీళ్లు పుడతాయి. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అయ్యే నీళ్లవి. వేసవిలో అది కనపడని ఆవిరిగా వెళ్లిపోతుంది, చలిలో మన ఊపిరిలాగే తెల్లగా కనిపిస్తుంది. సైలెన్సర్ వేడెక్కగానే పోతుంది. మూతి నుంచి నాలుగు చుక్కలు కారినా పట్టించుకోకండి.

బండి వేడెక్కి, ఎండెక్కి, ఇంకా తెల్లపొగ ఆగకుండా చిక్కగా వస్తూ ఉంటే, దానికి పాకం కాచినట్టు తీపి వాసన ఉంటే, అప్పుడు ఇంజన్ ఆపండి. అది కూలెంట్. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్‌ది ఆ తీపి. రుచికీ తియ్యగానే ఉంటుందట. రుచి చూడొద్దు. అది విషం. నేల మీద కారితే కుక్కలు నాకి చస్తాయి కాబట్టి కడిగెయ్యాలి కూడా.

కూలెంట్ మంట గదిలోకి చేరిందంటే చాలాసార్లు హెడ్ గాస్కెట్ పోయినట్టే. కింద బ్లాకుకీ పైన హెడ్‌కీ మధ్య పరిచిన పలచటి రేకు అది. ఒకపక్క పేలుడు ఒత్తిడి, ఒకపక్క మరిగే కూలెంట్, మరోపక్క ఆయిల్, ఈ మూడూ ఒకదాన్నొకటి కలుసుకోకుండా కాచుకునే పని దానిది. చాలా పాత ఇంజన్లలో బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. రెంటచింతల ఎండలో రేడియేటర్ ఫ్యాను తిరగడం మానేసినా, ముల్లు ఎర్రగీత దాటాక "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అని లాగించినా, హెడ్ వంకరపోతుంది, గాస్కెట్ దారి ఇచ్చేస్తుంది. మా బంధువు ఒకాయన కూలెంట్ దండగని రేడియేటర్‌లో ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోశాడు. విప్పితే లోపలి గొట్టాల్లో కొబ్బరికాయ పీచులా తుప్పూ సున్నమూ పేరుకుని ఉన్నాయి. ఆయన తన తప్పని ఒప్పుకోలేదు. బండి కంపెనీనే తిట్టాడు.

గాస్కెట్ సంగతి పట్టుకోవడానికి పొగ ఒక్కటే చాలదు. కూలెంట్ డబ్బా పొద్దున నిండుగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది, కింద మాత్రం చుక్క కారదు. ఇంజన్ నడుస్తుంటే ఆ డబ్బాలో సోడా బుడగల్లా బుడగలొస్తాయి. స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే, ఇంకా వేడెక్కకముందే, రేడియేటర్ పైగొట్టం రాయిలా బిగుసుకుంటుంది. ఆయిల్ మూత విప్పితే లోపల పాలు ఎక్కువైన టీ రంగు. ఈ చివరిదాంతో జాగ్రత్త. చలికాలంలో ఇంటి నుంచి కూరగాయల దుకాణం దాకా తప్ప తిరగని కారులో మూత కింద మాత్రం కాస్త తెల్ల నురగ కడుతుంది. అది తేమే, నాలుగు గంటల ప్రయాణంతో పోతుంది. గేజి మీది ఆయిల్ కూడా ఆ రంగులో ఉంటేనే ప్రమాదం. కొన్ని షెడ్లలో నీలం మందున్న గాజు గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద పెడతారు. లోపల ఇంజన్ మంట గాలి కలిసి ఉంటే ఆ నీలం పసుపుకి తిరుగుతుంది. అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. ఇక వేడి మీద రేడియేటర్ మూత విప్పడమంటే విజిల్ వెయ్యని కుక్కరు మూత లాగడమే. మొహం కాలినవాళ్లని అడిగితే చెప్తారు.

తెల్లపొగల్లో ఇంకొకటి డీజిల్ కార్లది. దానికి తీపి ఉండదు, పచ్చి డీజిల్ వాసన కొట్టి కళ్లు మండుతాయి. చలి పొద్దున డీజిల్ మండకుండానే బయటికి రావడం అది. హీటర్ ప్లగ్గుల్లో ఒకటో రెండో పని మానేసి ఉంటాయి. స్టార్ట్ చేశాక కొన్ని క్షణాలు ఇంజన్ మూడు కాళ్ల మంచంలా ఊగి, తర్వాత సర్దుకుంటే అదే. వేడెక్కినా పోకపోతే నాజిల్స్ చూపించాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మాకు తెలుసు. నీళ్లు తీశాక తెల్లపొగ వస్తోందని కొందరు, అసలు స్టార్ట్ అవుతుందో లేదోనని కొందరు తాళం తిప్పారు. సైలెన్సర్‌లో నిలిచిన నీళ్లయితే పొగై పోతాయి. సిలిండరులో నీళ్లుంటే మాత్రం పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మునిగిన బండిని మొదట ప్లగ్గులు విప్పి నీళ్లు కక్కించాలి. గాస్కెట్ పోయి రాత్రంతా కూలెంట్ కారిన బండికీ ఇదే వర్తిస్తుంది. సెల్ఫ్ 'టక్'మని ఆగిపోతే రెండోసారి కొట్టకండి.

నల్లపొగ

నల్లపొగ గురించి నాకు పెద్ద చర్చ లేదు. ఇంధనం ఎక్కువైంది, లేదా గాలి తక్కువైంది. ముందు ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి. వరికోతల కాలంలో పొలం దారుల్లో తిరిగిన కారు ఫిల్టరు దులిపితే గుప్పెడు ఊక రాలుతుంది. కొన్ని వందల రూపాయల వస్తువు. దాన్ని మార్చకుండా నాజిల్స్ మార్చినవాళ్లని చూశాను.

డీజిల్ బండి ఎత్తు ఎక్కుతూ నల్లగా ఊది, పికప్ కూడా తగ్గి, తొక్కినప్పుడు ఈల లాంటి శబ్దం వస్తుంటే టర్బో గొట్టం ఎక్కడో చిరిగింది. నింపిన గాలి దారిలోనే పోతోంది, డీజిల్ మాత్రం లెక్క ప్రకారం పడుతోంది. కాలిన పొగని కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకుని ఉండిపోయినా ఇంతే. దమ్ము చేసే ట్రాక్టర్లకి బలం కోసం 'పంపు ఎక్కువ' పెట్టించుకోవడం మనవాళ్లకి అలవాటు. ఆ నల్లపొగ బలమేమీ కాదు. మండకుండా పోయిన డీజిల్, అంటే డబ్బు. డీజిల్ పొగని క్యాన్సర్ కారకాల మొదటి గుంపులో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012 జూన్‌లో చేర్చింది. ట్రాక్టరు మీద కూర్చునేది మన మనిషే కదా.

పెట్రోలు కారు నల్లపొగ వదిలితే, పాత మారుతి 800లో అయితే చోక్ లాగి మర్చిపోయారేమో చూసుకునేవాళ్లం. ఇప్పటి కార్లలో ఏదో ఒక నాజిల్ కారడమో, ఆక్సిజన్ సెన్సర్ అబద్ధం చెప్పడమో అయ్యుంటుంది. దీన్ని నెలల తరబడి వదిలేయకూడదు. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. ప్లాటినం, పెల్లేడియం, రోడియం పూసిన తేనెపట్టు లాంటి ఆ దిమ్మ కరిగి ముద్దవుతుంది. దాని ధర వింటే సెన్సర్ ధర చిల్లర అనిపిస్తుంది.

డీజిల్ గురించి ఒక్క భయంకరమైన దృశ్యం చెప్పి ఊరుకుంటాను. టర్బో సీల్ పూర్తిగా తెగితే ఇంజన్ ఆయిల్ నేరుగా గాలి దారిలో పడుతుంది. డీజిల్ ఇంజన్‌కి ఆయిల్ కూడా తిండే. ఒకసారి హైవే పక్క షెడ్డులో ఓ బండి తాళం తీసేసినా ఆగలేదు. వేగం తనంతట తానే పెరుగుతోంది, రోడ్డంతా నీలం తెలుపు కలిసిన మబ్బు కమ్మేసింది. అందరూ పరిగెత్తారు. ఒక్క మేస్త్రి మాత్రం గాలి గొట్టం ఊడదీసి, దాని మూతికి చెక్క ముక్క అడ్డం పెట్టి నొక్కాడు. గాలి అందక ఊపిరాడనట్టు రెండు కుదుపులు కుదిపి ఆగింది. చెయ్యి పెట్టి ఉంటే లాగేసేది. దూరం పోయిన టర్బో బండిని ఆపగానే తాళం తీసెయ్యకుండా ఓ అర నిమిషం నడవనివ్వమని పెద్ద డ్రైవర్లు చెప్పేది ఇందుకే. ఎర్రగా కాలిన బేరింగులో ఆయిల్ ఆగిపోతే అక్కడే మాడి, సీల్‌ని తినేస్తుంది.

కనపడని పొగ

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బండ్ల పొగకి బీఎస్6 ప్రమాణం వచ్చింది. బీఎస్4 నుంచి బీఎస్5ని దాటేసి నేరుగా. ఇంధనంలో గంధకం 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకి తగ్గింది. డీజిల్ కార్లకి మసిని పట్టి ఉంచే ఫిల్టరు అమర్చారు. మంచిదే. అయితే సైలెన్సర్ చూసి రోగం చెప్పే మేస్త్రి పని కష్టమైంది. కన్వర్టర్ వేడెక్కాక కొద్దిపాటి ఆయిల్ పొగని కాల్చేసి కనిపించనివ్వదు. డీజిల్ ఫిల్టరు మసిని బయటికే రానివ్వదు. పొగ లేదంటే ఇంజన్ బాగుందని అనుకునే రోజులు పోయాయి.

ఆ ఫిల్టరు నిండినప్పుడు బండి తనే ఎక్కువ డీజిల్ పోసి, దాదాపు 600 డిగ్రీల వేడికి మసిని కాల్చేస్తుంది. దానికి ఆగకుండా కొంతసేపు వేగంగా నడవాలి. హైదరాబాదులో ఇంటికీ ఆఫీసుకీ మధ్య ట్రాఫిక్‌లో నాలుగు కిలోమీటర్లే తిరిగే డీజిల్ కారు ఈ పని ఎప్పటికీ పూర్తి చెయ్యలేదు. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగితే ఔటర్ రింగ్ రోడ్డెక్కి ఇరవై నిమిషాలు తోలండి. పట్టించుకోకపోతే కాలని డీజిల్ కొంత సిలిండరు గోడల వెంట జారి కింది ఆయిల్‌లో కలుస్తుంది. గేజి మీద ఆయిల్ తగ్గితే అందరూ కంగారు పడతారు. పెరిగితే సంతోషించేవాళ్లని చూశాను. ఆయిల్ ఎప్పుడూ పెరగదు, అందులో ఇంకేదో కలిసింది.

కాబట్టి ఈ కాలానికి సైలెన్సర్ కంటే గేజి నమ్మకమైనది. ఆదివారం పొద్దున కారు తుడిచేటప్పుడు, చదును నేల మీద, ఇంజన్ చల్లగా ఉండగా గేజి తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడండి. కొన్ని కంపెనీలు 1,000 కిలోమీటర్లకి లీటరు దాకా ఆయిల్ తాగినా మామూలే అంటాయి. వాళ్ల మాట అలా ఉంచి, మీ బండి పోయిన నెల ఎంత తాగింది, ఈ నెల ఎంత తాగింది అనేది మీకు తెలిసి ఉండాలి.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారు. పెట్రోలు కారుకి అక్కడ కొలిచేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. పొగ రంగు ఎవరూ చూడరు. డీజిల్‌కి మాత్రం రేజ్ చేయించి, పొగ ఎంత వెలుతురుని అడ్డుకుంటుందో యంత్రంతో కొలుస్తారు. పాత బండికి 65 యూనిట్లు, బీఎస్4కి 50 దాటకూడదు. ఈ ఆలోచన పాతదే. 1888లో మాక్సిమిలియన్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి ప్రొఫెసరు తెల్ల కాగితాల మీద నల్లగీతలు ఒక్కో దానిలో ఒక్కింత దట్టంగా గీసి, వాటిని దూరం నుంచి చూస్తూ ఫ్యాక్టరీ పొగగొట్టాల నలుపుని పోల్చేవాడు. ఇప్పుడు కన్ను బదులు సెన్సర్ వచ్చింది. సర్టిఫికెట్ లేకపోతే జరిమానా 10,000 రూపాయల దాకా ఉంది, కాగితం తప్పకుండా ఉంచుకోండి. దాన్ని ఇంజన్ ఆరోగ్యానికి హామీ అనుకోకండి.

బానెట్ మీద చెయ్యి

పోయిన నెల మా మేనల్లుడు సెకండ్ హ్యాండ్ కారు చూద్దామని తీసుకెళ్లాడు. ఏడేళ్ల పెట్రోలు బండి, రంగు మెరుస్తోంది, సీట్లకి కొత్త కవర్లు. అమ్మే పెద్దమనిషి మమ్మల్ని చూడగానే తాళం తిప్పి స్టార్ట్ చేశాడు. సైలెన్సర్ వెనక ఈగ కూడా వాలలేదు, అంత శుభ్రం.

"చూశావా మావయ్యా, ఒక్క చుక్క పొగ లేదు" అన్నాడు వాడు.

నేను బానెట్ మీద చెయ్యి పెట్టాను. కాలింది.

"ఇప్పుడే షాపు నుంచి వచ్చానండీ" అన్నాడాయన, నేను అడక్కముందే.

ఇంజన్ ఆపించి గేజి తీశాను. నీళ్లలా పలచగా ఉండాల్సిన ఆయిల్ ఆముదంలా సాగింది. చిక్కటి ఆయిల్ పోస్తే నాలుగు వారాల పాటు సీళ్లూ రింగులూ నోరు మూసుకుంటాయి. ఆ సంగతి అమ్మేవాళ్లందరికీ తెలుసు.

"బండి బాగుందండీ. రేపు పొద్దున ఆరింటికి వస్తాం. అప్పటిదాకా మాత్రం స్టార్ట్ చెయ్యకండి."

"ఆరింటికా? ఎందుకండీ అంత పొద్దున్నే?"

"ఏం లేదండీ, చల్లటి బండి ఓసారి చూద్దామని."

ఆయన మొహంలో ఏమీ కనిపించలేదు. సరేనన్నాడు, టీ కూడా ఇప్పించాడు. మర్నాడు ఐదు నలభైకి మేనల్లుడి ఫోను మోగింది. రాత్రే ఎవరో వచ్చి టోకెన్ ఇచ్చేశారని, మమ్మల్ని శ్రమపడొద్దని.

మూడు వారాలైంది. ఆ కారు ప్రకటన ఆన్‌లైన్‌లో ఇంకా అలాగే ఉంది. రేటు 20 వేలు తగ్గించాడు. ఫొటోల కింద కొత్తగా ఓ మాట చేర్చాడు: పొగ లేదు.